రామక్క మెస్సులో పదమూడు కంచాలు

కాడుగోడి ఒక ద్వీపం. నమ్మకపోతే మ్యాపు తెరిచి చూసుకోండి. ఉత్తరాన అపార్ట్‌మెంట్లు, దక్షిణాన అపార్ట్‌మెంట్లు, ఒక పక్క ఐటీ పార్కు గోడ, ఇంకో పక్క ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్లు. మధ్యలో మేము, మా మార్కెట్టు, మా రైల్వే స్టేషను, మా వీధి కుక్కలు. గట్టి వాన పడితే సముద్రం కూడా వస్తుంది, రోడ్డు మీదికి. ద్వీపమన్నాక టూరిస్టులు ఉండాలి కదా, వాళ్ళూ ఉన్నారు. ఆదివారం పూట ఇరవయ్యో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి మా ఊరు చూడటానికి వస్తారు. వాళ్ళ ఇల్లు నడిచి పది నిమిషాల దూరం. అయినా టోపీ పెట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని, ముఖానికి ఎండ తగలకుండా ఏదో తెల్లగా పూసుకుని వస్తారు.

వాళ్ళను తిప్పేది నేను. పేరు నేత్రావతి. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కోపమొస్తే రెండూ. ‘లోకల్స్ ఎక్కడ తింటారు’ అని నా ఆదివారం నడకకు పేరు పెట్టాను. పొద్దున పదింటికి మొదలుపెట్టి నాలుగు చోట్ల రుచి చూపించి, మధ్యాహ్నం ఒక చోట భోజనం పెట్టించి పంపిస్తాను.

ఇంతకీ లోకల్స్ ఎక్కడ తింటారో నిజం చెప్పమంటారా? ఇంట్లో తింటారు. పొయ్యి మీద అన్నం ఉండగా బయటికి పోయి తినడం మా అమ్మ దృష్టిలో ఒక జబ్బు. ఎప్పుడైనా నాలుక చచ్చిపోయిందనుకుంటే మాల్‌కు పోతారు. మా నాన్న వెంకటేశప్పకు అరవై ఎనిమిదేళ్ళు. ఆయన ప్రాణం మాల్‌లో పిజ్జా అమ్మే చోట ఉంది. ఈ సంగతి బయటపెడితే నా వ్యాపారం మూతపడుతుంది కాబట్టి, వచ్చినవాళ్ళకు కావలసిన లోకల్స్‌ని నేనే తయారుచేసి చూపిస్తుంటాను. మూడేళ్ళ కింద కొన్న దోసె పెనాన్ని తాతలనాటిదని చెప్పాను. కాఫీ కొట్టాయనను నుదుటి నిండా విభూతి పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. ఇప్పుడు జనం కాళ్ళకు మొక్కుతున్నారట, తియ్యమన్నా తియ్యడు.

ఈ ఏడు జూన్‌లో ఆ దోసె హోటలు ఎత్తేసి, ఫోన్లకు తొడిగే కవర్ల షాపు పెట్టారు. నా నడకకు భోజనం లేకుండా పోయింది. వారమంతా ఊరు గాలించాను. పట్టాల అవతల, కొత్తగా లేస్తున్న టవర్ల వెనక సందులో సంగటి గెలికే వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని పోతే రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. లోపల రెండు పొయ్యిలు, ఒక బెంచీ, చాపలు, గోడకు బిగించిన కంచాల స్టాండు. ధర్మవరం పక్కనుంచి వచ్చిన రామక్క అక్కడ పదకొండేళ్ళుగా బిల్డింగు పనివాళ్ళకు మధ్యాహ్నం కూడు వండి పెడుతోంది. గుమ్మంలో నిలబడి చూసి ‘ఇదీ లోకల్ అంటే’ అనుకున్నాను. నాలుగు తరాల దాన్ని నేనుండగా, నిన్నమొన్న వచ్చినామెను లోకల్ అని ఎట్లా చూపిస్తాననే ఆలోచన రాలేదు. వచ్చినా పక్కకు నెట్టేసేదాన్నే.

శనివారం సాయంత్రం వెళ్ళి అడిగాను. “రేపు పన్నెండు మందిని పిల్చుకొస్తాను రామక్కా. భోంచేస్తారు.”

ఆమె గిన్నె తోముతూనే ఉంది. “చూసేకయితే రానీమ్మా. తినేకయితే లేదు. ఈడ వండేది పదమూడు మందికే.”

“ఏదో ఉన్నదాంట్లోనే తలా కొంచెం.”

“లేదమ్మా. చెప్తాండా కదా.”

మా ఇళ్ళలో ఎవరింటికి పోయినా ముందు ఏమీ లేదనే అంటారు. దొడ్డబళ్ళాపురంలో ఉన్న మా వనజత్త మూడు కూరలు చేసి మూత పెట్టి కూడా, ‘ఉత్త సారేనే, ఏం తింటావో ఏమో’ అని మొహం చిన్నబుచ్చుకుంటుంది. తర్వాత మనం లేవలేనంత పెడుతుంది. రామక్కదీ ఆ మర్యాదే అనుకుని నవ్వి వచ్చేశాను. ఆమె ముఖం చూసి ఉంటే అర్థమయ్యేది. నేను గోడలు చూస్తున్నాను, ఫోటోలకు ఎక్కడ వెలుతురు బాగుంటుందా అని.

ఆదివారం పన్నెండుంపావుకు పటాలంతో దిగాను. బిల్డింగు పనికి ఆదివారం సెలవు ఉండదు, పైన టవర్ల మీద సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. గుంపులో రాజమండ్రి అమ్మాయి ఒకతె ఉంది, అనూష. ఏదో కంపెనీలో పని.

“అక్కా, ఈ ప్లేస్ అసలు సూపర్ ఆథెంటిక్ కదా. మీరు రెగ్యులర్‌గా ఇక్కడే తింటారా?” అని అడిగింది.

“చిన్నప్పటి నుంచీ,” అన్నాను.

మెస్సు వయసు పదకొండేళ్ళు. నా వయసు ముప్పై తొమ్మిది. ఎవరూ లెక్క కట్టలేదు.

రామక్క మమ్మల్ని చూసి తల ఊపింది. వంట అయిపోయినట్టుంది. పెద్ద గిన్నెలో సంగటి ముద్దలు, పక్కన కోడికూర, చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి, అన్నం. అంతలో సందు మొదట నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది. ఆ హారన్ కాడుగోడిలో ఎవరికి వినబడినా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. రామక్క రెండు బిందెలు చంకన పెట్టుకుని, “కుక్క రాకుండా చూసుకోమ్మా,” అని పరుగెత్తింది.

కుక్క రాలేదు. వచ్చినవాళ్ళం మేమే.

గుంపంతా నా వైపు చూస్తోంది. వాళ్ళకు ఆకలి, నాకు పెద్దరికం. స్టాండు వైపు చూశాను. కంచాలు లెక్కపెట్టాను, పదమూడు. పన్నెండు మంది వాళ్ళు, నేనొకదాన్ని. సరిగ్గా అతికినట్టు సరిపోయాయి. దేవుడు కూడా నా నడకకు బుక్ చేసుకున్నాడనిపించింది.

“ఇక్కడ పద్ధతి ఏంటంటే, ఎవరి కంచం వాళ్ళే తీసుకుని వడ్డించుకోవాలి. ఇంట్లో తిన్నట్టు,” అన్నాను. ఆ పద్ధతిని నేను ఆ క్షణంలోనే కనిపెట్టాను.

అందరూ మురిసిపోతూ కంచాలు తీశారు. అనూష తన కంచం తిప్పి చూసి, “అక్కా, దీని మీద వెంకటేశ్ అని నేమ్ ఉంది,” అంది.

“పెళ్ళి చదివింపులమ్మా అవి. మావాళ్ళు పేర్లు కొట్టిస్తారు.”

ఇది మాత్రం అబద్ధమని తెలిసి చెప్పలేదు, నిజంగానే నమ్మి చెప్పాను. మా ఇంట్లో స్టీలు సామాను తిరగేస్తే ఊరి ఓటర్ల జాబితా దొరుకుతుంది. ఎవరి పెళ్ళికో, ఎవరి గృహప్రవేశానికో ఎవరో పేరు కొట్టించి ఇచ్చినవే అన్నీ. నేను చిన్నప్పటి నుంచి తింటున్న కంచం మీద మా వనజత్త వదిలేసిన మొగుడి పేరుంది. ఆయన పోయినా కంచం పోలేదు. గిన్నె మీద పేరుంటే అది ఆ మనిషిదని మా ఇళ్ళలో ఎవరూ అనుకోరు, అనుకుంటే ఒక్క పూట కూడా తినలేం. కాబట్టి నా చేతికొచ్చిన కంచం మీద తిరుపాలు అని చుక్కచుక్కలుగా కొట్టి ఉంటే, ఎవరో పాపం బాగానే చదివించారనుకుని దాంట్లో రెండు ముద్దలు పెట్టుకున్నాను.

కూర అద్భుతంగా ఉంది. ఆ మాట దాచను. ఇంట్లో మా అమ్మ చేసేదానికంటే బాగుంది, ఇది మాత్రం ఇంట్లో చెప్పకండి. మిగతావాళ్ళు సంగటిని నమిలారు. సంగటిని ఎవరైనా నములుతారా, మింగాలి గానీ? సగం తిని, దవడలు నొప్పి పుట్టి, మిగతాది బకెట్లో పడేశారు. కోడికూర మాత్రం అడుగంటా ఊడ్చారు.

ఒంటిగంటకు ఇరవై నిమిషాలుందనగా మొదటి మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, బట్టల నిండా సిమెంటు, చేతులు మాత్రం మోచేతుల దాకా కడుక్కుని తడితడిగా ఉన్నాయి. మమ్మల్ని పట్టించుకోకుండా నేరుగా స్టాండు దగ్గరికి పోయి, అలవాటు చొప్పున చూడకుండానే చెయ్యి చాచాడు. చెయ్యి ఖాళీలో తిరిగింది. అప్పుడు తిరిగి మా వైపు చూశాడు. అనూష చేతిలో కంచం కనబడింది.

“అది నాదక్కా,” అన్నాడు మెల్లగా.

వెనక మిగతావాళ్ళు వచ్చి నిలబడ్డారు. అందరి చేతులూ తడిగానే ఉన్నాయి.  అరిచినా బాగుండేది, నాకు అరుపులంటే అలవాటు. అంతలో రామక్క రెండు బిందెలతో వచ్చింది. గిన్నెలు చూసింది, బకెట్లో తేలుతున్న సంగటి చూసింది. బిందెలు దించి నడుం పట్టుకుని నిలబడింది.

“ఏం పని చేసినావమ్మా,” అంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది విన్నాను. పొద్దున ఆరింటికి పనికి పోతూ పోతూ ప్రతి మనిషీ తన కంచం తెచ్చి స్టాండులో పెట్టి పోతాడు. మధ్యాహ్నం కూడు కావాలని చెప్పే విధానం అదే. తిననివాడు కంచం తేడు. స్టాండులో ఎన్ని కంచాలుంటే అన్ని కొలతల పిండి పోసి సంగటి చేస్తుంది. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు. ఆ కంచం మీద పేరు మనిషి పేరు.

“పొద్దున కంచం పెడితే మధ్యాన్నం కూడు ఉండాల. పదకొండేండ్లాయ. జొరమొచ్చినా, కర్ఫ్యూ పెట్టినా ఒక్క దినం తప్పలే. ఈ పొద్దు తప్పింది,” అంది రామక్క. ఆమె గొంతు పెరగలేదు. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. ముప్పై తొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళో బతికి, పట్టాలు దాటితే ఏం జరుగుతోందో తెలియని దాన్ని, ఊరు చూపించడానికి బయల్దేరాను.

పనివాళ్ళకు విరామం ఒకటింపావు దాకానే. గుంపు మొత్తం ఫోన్లు తీసి బిర్యానీలు ఆర్డరు పెట్టబోయింది. ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుందని వచ్చింది. పైగా ఆ సందు మ్యాపులోనే లేదు. అనూష కళ్ళనీళ్ళు పెట్టుకుని, “సారీ అన్నా, వీ డిడ్ నాట్ నో అన్నా,” అని ఒక్కొక్కరికీ చెబుతోంది. నా గుంపును ఇళ్ళకు పంపేసి నేను నోరు తెరిచాను.

“మా ఇల్లు ఇక్కడికి నాలుగు నిమిషాలు. మా అమ్మ మటన్ వండింది. రండన్నా.”

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రామక్క “పోండప్పా, ఉత్త కడుపుతో సారువ కట్టెలు ఎక్కద్దండి,” అంది. పన్నెండు మంది కదిలారు. ఒకాయన కదలలేదు. యాభై దాటిన మనిషి, కడ్డీలు వంచే పని, చేతులు చెక్కలా ఉన్నాయి. నేను తిన్న కంచం గబగబా కడిగి ఇచ్చాను. ఆయన అందుకుని, తువ్వాలుతో మళ్ళీ తుడిచి, ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. తిరుపాలు.

“నువ్వూ రా అన్నా,” అన్నాను.

“కంచం ఈడ పెట్టినా. ఈడే తింటా,” అన్నాడు.

“ఇక్కడ ఏం లేదు కదన్నా.”

“తెలుసు,” అన్నాడు.

మా ఇంటి గేటు దగ్గర మా అమ్మ మునిలక్ష్మి నిలబడి ఉంది, దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చే వనజత్త కుటుంబం కోసం ఎదురుచూస్తూ. ఆ గేటు దాటి కరెంటు బిల్లు మనిషిని కూడా రానివ్వదు. సిమెంటు బట్టల పన్నెండు మంది వరసగా రావడం చూసి చీర కొంగు నడుముకు దోపుకుంది.

“ఎవురే వీళ్ళు?”

“వీళ్ళ కూడు నేను తిన్నానమ్మా.”

రెండు నిమిషాల్లో మొత్తం చెప్పాను. ఆమె నన్ను కాళ్ళనుంచి తలదాకా ఒకసారి చూసింది. “నీ యాపారం తగలెయ్య,” అంది. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, “రాండప్పా, చెప్పులు ఆడ ఇడవండి. మటన్ ఉండాది, మాట్లాడకుండా సుమ్మనె కూచోండి,” అంది.

హాల్లో వరసగా కూర్చోబెట్టి కంచాలు వేసింది. వెంకటేశ్ తన ముందు పెట్టిన కంచం మీద పేరు చదివి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఇది ఎవరిదో ఉండాదే అమ్మా. ఆయప్ప తినాల కదా?”

“ఆయప్ప తినేది ఎప్పుడో అయిపోయింది, నువ్వు తిను,” అంది మా అమ్మ.

నాకు ఆ మాట నవ్వు తెప్పించలేదు. అతను అడిగాడు. నేను అడగలేదు.

పదిహేను నిమిషాల్లో తిని, ఎవరి కంచం వాళ్ళు కడిగి బోర్లించి, మా అమ్మకు దండం పెట్టి పనికి పరుగెత్తారు. రెండింటికి వనజత్త వాళ్ళు దిగేసరికి మటన్ గిన్నెలో ఎముక కూడా లేదు. మా అమ్మ జీవితంలో మొదటిసారి ‘ఏమీ లేదు’ అని నిజం చెప్పింది, వాళ్ళు నమ్మక అరగంట కూర్చున్నారు. చివరికి మా నాన్న అందరినీ మాల్‌కు తీసుకుపోయి పిజ్జా పెట్టించాడు. ఆ రోజు కాడుగోడిలో మనసారా తిన్న లోకల్ ఆయన ఒక్కడే.

అంతకుముందే, పనివాళ్ళు తింటుండగానే, మా అమ్మ ఒక డబ్బాలో అన్నం, ఆఖరి నాలుగు ముక్కలు సర్దిస్తే నేను తిరుపాలు కోసం పరుగెత్తాను. నేను పోయేసరికి హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. డబ్బా చాపాను. వద్దని తల ఊపాడు. కంచాన్ని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిగతా పన్నెండు కంచాలు రామక్క తోమి బెంచీ మీద పెట్టింది, సాయంత్రం పని దిగాక తీసుకుపోవడానికి.

“ఆయన సాయంత్రం దాకా ఏం తింటాడు?” అన్నాను.

“ఏం తినడు.” రామక్క ఖాళీ స్టాండు వైపు చూస్తూ అంది. “ఈడ మొట్టమొదట కంచం పెట్టింది ఆయనే. నేను ఊరికి కొత్త, వండుతానో ఎగ్గొడతానో ఎవురికీ తెల్దు. ఆయన పెట్టినాడని మిగతావాళ్ళు పెట్టిరి. రేపు ఆయన పెట్టకపోతే వీళ్ళు మాత్రం ఎన్ని దినాలు పెడతారు? సైటు గేటు కాడ కంపెనీ క్యాంటీను తెరుస్తాండారు.”

రాత్రి నా నడకకు పన్నెండు మందీ ఐదేసి స్టార్ల రివ్యూలు పెట్టారు. ‘నిజమైన లోకల్స్‌ని కలిశాం, మరిచిపోలేని అనుభవం’ అని ఒకడు. వాడే సంగటి బకెట్లో పడేసింది. వచ్చే ఆదివారానికి ఇరవై మంది బుక్ చేసుకున్నారు. ఫోన్ మంచం మీదికి విసిరేశాను. మంచం మీదికే, నేలకు కొట్టేంత మంచిదాన్ని కాను.

సోమవారం పొద్దున ఆరింటికి ముందే మెస్సు దగ్గరున్నాను. “తప్పయింది రామక్కా,” అన్నాను. ఆమె పిండి డబ్బా ముందు పెట్టుకుని, ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి, ఎన్ని కొలతలు పొయ్యాలో తెలియక కూర్చుని ఉంది. దోవకు అడ్డంగా నిలబడ్డానని చెయ్యి ఊపితే గోడకు ఆనుకున్నాను.

వెంకటేశ్ వచ్చి కంచం పెట్టాడు. మా అమ్మ మటన్ బాగుందని నాతో చెప్పి పోయాడు. తర్వాత ఇద్దరు, తర్వాత ఒకడు, తర్వాత గుంపుగా నలుగురు. ఆరుంపావుకు పన్నెండయ్యాయి. రామక్క పన్నెండు కొలతలు పక్కన పోసుకుంది, డబ్బా మూత పెట్టలేదు. సైట్లో పేర్లు పిలిచే వేళ దగ్గర పడుతోంది. మేమిద్దరం సందు వైపే చూస్తున్నాం.

తిరుపాలు వచ్చాడు. తువ్వాలు విప్పి కంచం చేతిలోకి తీసుకున్నాడు, కానీ గుమ్మం బయటే ఆగాడు. స్టాండు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“రామక్కా, ఈయమ్మ మధ్యాన్నం ఈడ ఉంటాదా?” అని అడిగాడు.

రామక్క ఆ పొద్దున మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఆమె నా తరఫున ఒక్క మాట చెప్పాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. పాపం పశ్చాత్తాపపడిందనో, ఈ ఊరి పిల్లేననో.

“లేదు. పోతాంది,” అంది రామక్క.

పోయాను. నా సొంత ఊళ్ళో నన్ను బయటికి పొమ్మనడం అదే మొదలు, అయినా ఒక్క రవ్వ కోపం రాలేదు. సందు చివరిదాకా చెవులు వెనక్కే పెట్టి నడిచాను. స్టీలు స్టాండులో కంచం దిగిన చప్పుడు వినబడింది. ఆ వెంటనే, డబ్బాలోంచి ఇంకో కొలత పిండి తీస్తూ రామక్క, “ఈ పొద్దు ఉలవసారు చేస్తాండా తిరుపాలూ,” అనడం వినబడింది.